రాయదుర్గం నుంచి శ్రీహరికోట దాకా: తీరిక వేళల విజ్ఞాన, సాంకేతిక సభలపై ఒక సమీక్ష

హైదరాబాదు మెట్రో నీలి మార్గానికి ఒక కొస రాయదుర్గం, ఇంకో కొస నాగోలు. రాయదుర్గం వైపు టీ-హబ్, టీ-వర్క్స్ వంటి కొత్త సాంకేతిక కేంద్రాలు ఉన్నాయి. నాగోలు వైపు వెళ్తే హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ల పరిసరాల్లో దశాబ్దాల చరిత్ర గల జాతీయ పరిశోధనశాలలు వరుసగా కనిపిస్తాయి. నడుమ అమీర్‌పేట ఉండనే ఉంది. చేసే ఉద్యోగం ఒకటి, మనసు లాగే విషయాలు వేరొకటి అయినవారికి సెలవు రోజున ఏదైనా కొత్త సంగతి తెలుసుకోవాలనిపిస్తే, ఈ మార్గం చుట్టుపక్కల ఏడాది పొడవునా ఏదో ఒక సభ జరుగుతూనే ఉంటుంది. పద్దులు చూసే ఉద్యోగంలో ఉండి, ఇంజనీరింగు చదవకుండానే ఇలాంటి సభలకు వెళ్లే అలవాటు చేసుకున్న మనిషిగా, వాటిలో ఏవి వెళ్లదగినవో, ఏవి ఎవరికి తగవో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం.

వీటిలో చాలావాటికి టికెట్ ఉండదు. అందువల్ల పెట్టిన డబ్బుకు తగిన విలువ వచ్చిందా అనే మామూలు కొలత ఇక్కడ పనికిరాదు. వక్త పేరు, వేదిక గొప్పతనం చూసి ఎంచుకోవడమూ అంతగా కలిసిరాదు, ఎందుకంటే పేరున్న వక్తల ప్రసంగాలు ఇంటర్నెట్‌లో ఎలాగూ దొరుకుతాయి. నేను పెట్టుకున్న కొలత ఒక ప్రశ్న: ఆ సభ పెట్టినవారికి మనతో ఏం అవసరం ఉంది? కొందరికి మన ఫోన్ నంబరు కావాలి. కొందరికి కుర్చీలు నిండితే చాలు. కొందరు ప్రజాధనంతో చేస్తున్న పనిని ప్రజలకు చూపించవలసిన బాధ్యతతో పిలుస్తారు. మరికొందరికి మన చేతి పనే కావాలి. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఆ రోజు ఎలా గడుస్తుందో చాలావరకు ముందే ఊహించవచ్చు.

మొదట అమీర్‌పేట సంగతి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోని శిక్షణ సంస్థలు ఎందరో యువతీయువకులకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల దారి చూపిన మాట నిజమే కానీ, అక్కడి ఫ్రీ డెమో కుతూహలంతో వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటు చేసేది కాదు. కృత్రిమ మేధపై ఉచిత వర్క్‌షాప్ అన్న ప్రకటన చూసి నేను వెళ్లిన ఒక చోట ముందుగా ముప్పావు గంట జీతాల పట్టికలతోనే గడిచింది. ఈ యంత్రాలు అసలు దేని నుంచి నేర్చుకుంటాయని ముందు వరుసలోని ఒక అమ్మాయి అడిగితే, ఆ పాఠం కోర్సులో చేరిన మూడో నెలలో వస్తుందని జవాబిచ్చారు. బయటికి వచ్చేటప్పుడు ఆ రోజే చేరేవారికి రాయితీ అని రాసిన కాగితం చేతిలో పెట్టారు. తర్వాత కొన్ని వారాల పాటు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఉద్యోగం కోసం కోర్సు వెతుక్కుంటున్నవారికి బోధించే వ్యక్తి తీరు తెలుసుకోవడానికి ఇలాంటి డెమో పనికిరావచ్చు. తీరిక వేళను వెచ్చించడానికి మాత్రం ఇది తగిన చోటు కాదు.

టీ-హబ్ 2015లో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలోని సొంత భవనానికి మారింది. స్టార్టప్‌లకు ఆసరా ఇవ్వడం దాని పని, కనుక కొత్త కంపెనీ పెట్టినవారికీ పెట్టబోయేవారికీ అక్కడి సదస్సులు విలువైనవే. పెట్టుబడి, మార్కెట్, విస్తరణ అనే మాటల చుట్టూ తిరిగే చర్చలు సొంత వ్యాపార ఆలోచన లేని సందర్శకుడికి అంతగా ఒంటబట్టవు. ఈ వర్గం సదస్సులకు, అవి ఏ భవనంలో జరిగినా సరే, నా సిఫారసు అంతంతమాత్రమే.

దాని పొరుగునే ఉన్న టీ-వర్క్స్ తీరు వేరు. 2023 మార్చి 2న ప్రారంభమైన ఈ కేంద్రం 78 వేల చదరపు అడుగుల్లో విస్తరించింది. ఒక వస్తువు ఆలోచన ఉన్నవారు దాని తొలి నమూనాను తయారు చేసుకోవడానికి కావలసిన త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు, కంప్యూటర్ సూచనల ప్రకారం లోహాన్నీ చెక్కనూ కోసి చెక్కే సీఎన్‌సీ యంత్రాలు, సర్క్యూట్ బోర్డులు తయారు చేసే సదుపాయం, వడ్రంగం, లోహపు పని విభాగాలు అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇలాంటి చోట్ల జరిగే వర్క్‌షాపులకు కొంత రుసుము ఉండడం సహజం, ఎందుకంటే ముడిసరుకు ఖర్చవుతుంది, యంత్రం దగ్గర ఒక మనిషి నిలబడి నేర్పాలి. ఆ రుసుము చెల్లించడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. పైగా, నిర్వాహకులకు మన డబ్బు కావాలన్న విషయం ముందే తేటతెల్లంగా తెలిసిపోవడం ఉచితమని పిలిచి కోర్సు అంటగట్టడం కంటే నిజాయితీగా ఉంటుంది.

యంత్రాన్ని దగ్గర నుంచి చూడడం వల్ల ఏం కొత్తగా తెలుస్తుందని ఎవరైనా అడగవచ్చు. త్రీడీ ప్రింటర్ ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా పేరుస్తుందని చదివిన వాళ్లందరికీ తెలుసు. ఒక్కో పొర మందం 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే పది సెంటీమీటర్ల ఎత్తు బొమ్మకు 500 పొరలు కావాలని, అందుకే చిన్న వస్తువుకు కూడా గంటలు పడుతుందని, గాలిలోకి చాచిన భాగానికి కింద ఆసరా కట్టకపోతే అది వేలాడిపోతుందని దాని ముందు నిలబడితేనే ఒంటబడుతుంది. లేజర్ కట్టర్ దగ్గర మొదట నేర్పేది ఏం కోయవచ్చో కాదు, ఏం కోయకూడదో. యాక్రిలిక్ షీటు అంచు అద్దంలా నున్నగా తెగుతుంది. పీవీసీని పెడితే క్లోరిన్‌తో కూడిన విషవాయువులు వెలువడి మనిషి ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ రెండింటినీ పాడు చేస్తాయి. ఇంటి గొట్టాలకు వాడే ప్లాస్టిక్‌తో ఇంత ప్రమాదం ఉంటుందని చాలామంది ఊహించరు.

నీలి మార్గం రెండో వైపుకు వస్తే, సెప్టెంబరు 26 గుర్తుంచుకోవలసిన తేదీ. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1942లో ఆ రోజున ఏర్పడింది. ఆ సందర్భంగా దాని కింది ప్రయోగశాలలు ఓపెన్ డే పేరుతో తలుపులు తెరుస్తాయి. హైదరాబాదులో భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ, రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, జీవకణాల పరిశోధన చేసే సీసీఎంబీ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ ఒకే పూటలో చుట్టేద్దామనుకునేవారికి నా సలహా ఒకటే: అలా చేయకండి. ఒకటి ఎంచుకుని, అక్కడే మధ్యాహ్నం దాకా ఉండండి.

నేను సీసీఎంబీని ఎంచుకోమంటాను. పుష్ప మిత్ర భార్గవ వ్యవస్థాపక సంచాలకుడిగా రూపుదిద్దుకున్న ఈ సంస్థలో, ఓపెన్ డే నాడు బల్లల వెనక నిలబడి వివరించేవారిలో పరిశోధక విద్యార్థులు ఎక్కువ. వారు రోజూ చేసే పని గురించే చెబుతారు, కాబట్టి రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ కూడా తడుముకోరు. జీబ్రా చేపను పరిశోధనకు ఎందుకు ఎంచుకున్నారో మాటల్లో విన్నప్పటి కంటే సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు బాగా అర్థమవుతుంది: దాని పిండం పారదర్శకం, గుడ్డు ఫలదీకరణ చెందిన ఒక రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, ఆ కదలికను చేపను కోయకుండానే చూడవచ్చు.

తెలుగువారు అక్కడ తప్పక అడిగి తెలుసుకోవలసిన కథ ఇంకొకటి ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన కంచాల్లో ఎంత స్థిరపడిందో చెప్పనక్కరలేదు. ఆ వరికి బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద బలహీనత. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా అందులోకి తెచ్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. ఇది జన్యుమార్పిడి పంటా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. కాదు. వరిని వరితోనే సంకరం చేస్తారు. ప్రతి తరంలోనూ మొలకల డీఎన్‌ఏను పరీక్షించి, కావలసిన జన్యువులు వచ్చిన మొక్కలను మాత్రమే ముందుకు తీసుకువెళ్తారు. గింజ రూపమూ అన్నం రుచీ మారకుండా ఉండాలి కనుక పాత సాంబ మసూరితో మళ్లీ మళ్లీ సంకరం చేయాలి. ఈ వివరణ చక్కగా విన్నవారు పత్రికల్లో పంటల గురించి వచ్చే వాదోపవాదాలను తర్వాత వేరుగా చదువుతారు.

ఓపెన్ డేకు పరిమితులు లేకపోలేదు. ఏడాదికి ఒక్కసారే వస్తుంది, పైగా బడిపిల్లల కోసం పెట్టిన రోజు కనుక పెద్దవారు పక్కకు తప్పుకుని నిలబడడం మర్యాద. తేదీ పనిదినాల్లో పడితే సెలవు పెట్టుకోవాలి. నా కొలత ప్రకారం వారికి మనతో ఉన్న అవసరం బాధ్యతకు సంబంధించినది. కాబట్టి మనకు చూపిస్తారు, చెబుతారు, అక్కడితో సరి. మళ్లీ వచ్చే నెల రమ్మని పిలవడానికి వారి దగ్గర మనం చేయగల పని ఉండదు.

అలాంటి పని ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. వాటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది తెలుగు వికీపీడియాకు, పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునేలా ఉంచే దాని తోడు గ్రంథాలయం వికీసోర్స్‌కు చెందిన సమావేశాలకు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని దశాబ్ది ఉత్సవాలు 2014లో విజయవాడలో జరిగాయి. హైదరాబాదులో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో ఒకప్పుడు నెలవారీ సమావేశాలు జరిగేవి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది కూడా ఆ ఇంట్లోనే. ఇప్పుడు చాలా సమావేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి, కనుక శ్రీకాకుళంలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా పాల్గొనవచ్చు. సమావేశాల కబుర్లన్నీ రచ్చబండ అనే పేజీలో ఉంటాయి. ఎవరూ పిలవకపోయినా చదవవచ్చు, ఒక మాట రాసి లోపలికి రావచ్చు.

కొత్తవారికి నేను వికీపీడియా కంటే ముందు వికీసోర్స్‌ను సూచిస్తాను. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు నిండాక మన చట్టం ప్రకారం అతని పుస్తకాలపై కాపీహక్కు తీరిపోతుంది. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు ఆ లెక్కన 2014 నుంచి అందరివీ అయ్యాయి. అలా హక్కులు తీరిన పాత పుస్తకం పేజీని స్కాను చేసి ఒక పక్కన, యంత్రం గుర్తించిన అక్షరాలను మరో పక్కన చూపిస్తారు. మన పని రెండింటినీ పోల్చి తప్పులు దిద్దడం. యంత్రం పకారాన్ని వకారంగా, ఘకారాన్ని ఫకారంగా పొరబడుతుంది, అరసున్నలను మింగేస్తుంది, చెదలు తిన్న చోట ఏవేవో అక్షరాలు కల్పిస్తుంది. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దిన పేజీకి పసుపు, దాన్ని మరొకరు సరిచూసిన తర్వాత ఆకుపచ్చ. ఒకరే రెండు పనులూ చేయడానికి వీల్లేదన్న నియమం ఆ చోటికి క్రమశిక్షణ తెచ్చింది. పసుపు పేజీని ఆకుపచ్చ చేసే మనిషి కోసం ఎప్పుడూ ఎదురుచూపే, అందుకే కొత్తగా వెళ్లినవారిని ప్రేక్షకుల్లా కూర్చోబెట్టరు, మొదటి గంటలోనే ఒక పేజీ అప్పగిస్తారు. నేర్చుకునేది కూడా తక్కువేమీ కాదు: కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్ అనే ప్రమాణంలో ఒత్తులు ఎలా కూడుతాయో, నూరేళ్ల కిందటి తెలుగు వర్ణక్రమం ఇప్పటి దానికి ఎంత దూరమో, మూలం చూపకుండా ఒక వాక్యం రాస్తే ఎవరు ఎలా అభ్యంతరం చెబుతారో అన్నీ ఆ పనిలోనే తెలుస్తాయి. చర్చలు అప్పుడప్పుడూ ఘాటెక్కుతాయి. చిన్న విషయానికి పెద్ద వాదం జరగడం చూసి బెదిరిపోకుండా ఉండగలిగితే చాలు.

గచ్చిబౌలి కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కూడా ఈ కోవలోదే. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం, కంప్యూటర్‌కు తెలుగు ముఖం ఇవ్వడం దాని తొలి పనులు. సెప్టెంబరులో మూడో శనివారం ప్రపంచమంతటా జరుపుకునే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే ఇలాంటి బృందాలను పరిచయం చేసుకోవడానికి మంచి సందర్భం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారి హైదరాబాదు బృందం నడిపే మీటప్‌లు కూడా బాగుంటాయని వెళ్లినవారు చెబుతారు, నేనూ ఒప్పుకుంటాను, అయితే కోడ్ రాయడం కొంతైనా వచ్చి ఉండాలి.

ఇక హ్యామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాకుండా సరదాగా సొంత రేడియోలతో దూరప్రాంతాల వారితో మాట్లాడుకునే అభిరుచి. ఇలా మాట్లాడుకునేవారినే హ్యామ్‌లు అంటారు. ఈ సమీక్షలో నేను ఎక్కువ పక్షపాతం చూపేది దీని మీదనే. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక వేదికను నాటకాలకు, పాటలకు, చాయ్ సమోసాలకు తెలిసినవారే ఎక్కువ. దాని స్థాపకుల్లో ఒకరైన అశ్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్‌ను, అంటే ప్రసారం చేయడం, వినడం రెండూ చేసే రేడియోను, ప్రపంచమంతటా హ్యామ్‌లు ఇళ్లలో తయారు చేసుకున్నారు. ఖరీదైన దిగుమతి భాగాలతో పని లేకుండా, కోఠి గుజరాతీ గల్లీ లాంటి బజారులో దొరికే మామూలు విడిభాగాలతో కట్టుకోగలగడం దాని గొప్ప. అందువల్ల లామకాన్ వేదికగా హ్యామ్ రేడియో సదస్సులు జరిగాయంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ బృందాల వర్క్‌షాపులో మొదట చేతికి వచ్చేది సోల్డరింగ్ ఐరన్, తర్వాత ఉంగరం లాంటి టొరాయిడ్ కోరు, కొంత రాగి తీగ. తీగ కోరు మధ్య నుంచి ఎన్నిసార్లు దూరితే అన్ని చుట్లుగా లెక్కపెట్టాలి. బయట ఎన్ని మడతలు కనిపించాయో లెక్కపెట్టేవారి సర్క్యూట్ వేరే పౌనఃపున్యం దగ్గర కూర్చుంటుంది. పని పూర్తయ్యాక 40 మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవు దాదాపు 40 మీటర్లు ఉండే పౌనఃపున్యాల వరుసలో) చెవి పెట్టి వింటే పగలు దగ్గరి రాష్ట్రాల గొంతులు, చీకటి పడ్డాక దూరదేశాల గొంతులు వినబడతాయి. పగటి పూట అయనోస్ఫియర్ అనే విద్యుదావేశం గల పై వాతావరణపు కింది పొర దూరం నుంచి వచ్చే ఈ తరంగాలను చాలావరకు పీల్చేస్తుంది, రాత్రికి ఆ పొర కరిగిపోయి పై పొరల నుంచి అవి ప్రతిఫలిస్తాయి. పాఠ్యపుస్తకంలో చదివి మరచిపోయిన విషయాన్ని చెవితో పరీక్షించుకునే అవకాశం ఇంకే అభిరుచిలోనూ నాకు దొరకలేదు.

ఈ అభిరుచికి నగరంలో పెద్ద దిక్కు కూడా ఉంది. జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి హైదరాబాదు కేంద్రంగానే పనిచేస్తోంది. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ నాయకత్వంలో ఆ సంస్థ బృందం హ్యామ్ ప్రసారాల కోసం అండమాన్‌లో ఉన్నప్పుడే సునామీ వచ్చింది. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోసినవి వారి రేడియోలే. ఇక్కడ నిర్వాహకులకు మనతో ఉన్న అవసరం స్పష్టం: అవతల మాట్లాడేవారు లేకపోతే రేడియో ఎందుకూ కొరగాదు. అందుకే పరీక్ష రాయమని ప్రోత్సహిస్తారు, పాత పరికరాలు అరువిస్తారు. ప్రసారం చేయాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి, వినడంతో ఆగిపోవాలనుకునేవారు పరీక్ష గురించి తొందరపడనక్కరలేదు.

భాష గురించి ఒక మాట చెప్పాలి. వికీ, హ్యామ్ సమావేశాలను మినహాయిస్తే ఈ సభలన్నీ దాదాపు ఇంగ్లీషులోనే నడుస్తాయి. వేదిక మీద ఇంగ్లీషు తప్పనిసరి అనుకున్నా, ప్రశ్నల సమయంలో తెలుగులో అడిగినవారికి తెలుగులో జవాబు చెప్పే పద్ధతి పెట్టుకుంటే జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు నోరు విప్పుతారు. ఓపెన్ డే బల్లల దగ్గర తెలుగులో అడిగితే తెలుగు వచ్చిన పరిశోధకుడిని పిలిచి మరీ చెప్పించడం చూశాను, ఇది మెచ్చుకోదగ్గ విషయం. హ్యామ్ బృందాల్లో తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు కలగాపులగంగా సాగుతాయి, ఎవరూ పట్టించుకోరు.

చివరగా నగరానికి దూరంగా ఉన్న శ్రీహరికోట. రాకెట్ ప్రయోగాలను జనం ప్రత్యక్షంగా చూడడానికి ఇస్రో 2019లో ఐదు వేల మంది కూర్చునే గ్యాలరీ ప్రారంభించింది. ప్రవేశం ఉచితం, ప్రయోగానికి కొన్ని రోజుల ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. హైదరాబాదు హ్యామ్‌లకు ఆ నేలతో ఒక బంధం ఉంది: అమెచ్యూర్ రేడియో కోసం తయారైన హ్యామ్‌శాట్ ఉపగ్రహం 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ మీద అక్కడి నుంచే వెళ్లింది. నా కొలత ఇక్కడ సరిగా పనిచేయదని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇస్రోకు మనతో ఏ అవసరమూ లేదు, మనం వచ్చినా రాకపోయినా రాకెట్ లేస్తుంది. కళ్లముందు జరిగేది కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది కనుక ఏం చూడాలో ముందే చదువుకుని వెళ్లినవారికే అది విజ్ఞాన సభ, లేనివారికి వినోదం. ఉదాహరణకు పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్ రకంలో ఆరు పక్క బూస్టర్లలో నాలుగు నేల మీదనే అంటుకుంటాయి, మిగిలిన రెండు పైకి లేచిన దాదాపు 25 సెకన్లకు గాలిలో అంటుకుంటాయి. శబ్దానికి కిలోమీటరు దాటడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది, కాబట్టి మంట కనిపించిన కాసేపటికి గాని గర్జన చేరదు. వాతావరణం బాగాలేకపోయినా, చివరి నిమిషంలో సాంకేతిక లోపం దొరికినా ప్రయోగం వాయిదా పడుతుంది. అందుకే శ్రీహరికోటకు దగ్గరి రైల్వే స్టేషన్ అయిన సూళ్లూరుపేటకు టికెట్ తీసుకునేటప్పుడు తిరుగు ప్రయాణం మరుసటి రోజుకు పెట్టుకోండి, ఆఫీసులో ఒక సెలవు అదనంగా అడిగి ఉంచండి, నమోదు కాగితంతో పాటు గుర్తింపు కార్డు, టోపీ, మంచినీళ్లు వెంట ఉంచుకోండి.